తొమ్మిదిమందిలో నేనూ ఒకదాన్ని

(రేడియో మహిళా కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



భోజనాలు ముగిసి, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాలుద్దామా అని మీరనుకునే వేళ ఇది. ఈ కాస్త సమయంలో ఒక చిన్న మాట గురించి మాట్లాడుకుందాం. మాట చిన్నదే గాని, సమయానికి నోటినుంచి రాకపోతే అదెంత బరువవుతుందో నాకు అనుభవం మీద తెలిసింది. అందుకే ఈ విషయం ఎన్నుకున్నాను.

మన తెలుగిళ్ళలో ‘థాంక్స్’ అనే మాట ఎవరు ఎవరికి చెప్తారో ఎప్పుడైనా గమనించారా? ముక్కూ మొహం తెలియనివాళ్ళు బస్సులో చోటిస్తే చెప్తాం. సెల్‌ఫోనులో అయితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి నొక్కి ఊరుకుంటాం. ఇంట్లోవాళ్ళకు మాత్రం చెప్పం. పెళ్ళయిన కొత్తలో మా అత్తమ్మ నాకు తలంటి నీళ్ళు పోస్తే, చదువుకున్నదాన్ని కదా అని “థాంక్స్ అత్తమ్మా” అన్నాను. ఆవిడ చెంబు కిందపెట్టి, “గట్లంటవేంది? నేనేమన్న పరాయిదాన్నా?” అని నొచ్చుకుంది. ఆ పూటంతా మొహం ముడుచుకునే వుంది.

మనవాళ్ళకు కృతజ్ఞత లేదని కాదు. ఆకలితో వున్నవాడికి అన్నం పెడితే “నీ కడుపు చల్లగుండ” అంటాడు. “ఉప్పు తిన్న విశ్వాసం” అనే మాటకు మనలో ఎంత విలువ! “ఈ రుణం ఏ జన్మకు తీర్చుకుంటాను” అంటాం. మనసులో వుంటుంది, పైకి చెప్పడానికే సిగ్గు. చెపితే ఏదో తక్కువైపోతామని బెరుకు.

అసలు ‘కృతజ్ఞత’ అనే మాటలోనే అర్థమంతా వుంది. కృతం అంటే చేసినది. దాన్ని ఎరిగి వుండడం కృతజ్ఞత. మనకొకరు చేసిన మేలును తెలుసుకుని వుండడమన్నమాట. దీనికి ఎదురుమాట కృతఘ్నత. అంటే చేసినదాన్ని చంపివేయడం. రాతలో చూస్తే రెంటికీ ఒక్క అక్షరమే తేడా. ‘జ్ఞ’ ఉన్నచోట ‘ఘ్న’ వచ్చి కూర్చుంటుంది. మేలును చంపడానికి కత్తులూ కటార్లూ అక్కర్లేదమ్మా, నోరు మూసుకుని వుంటే చాలు. నేనలా నోరు మూసుకున్న కథే ఇవాళ మీకు చెప్తాను.

మాది బౌరంపేట. గండిమైసమ్మ చౌరస్తాకూ బాచుపల్లికీ దగ్గర. ఇప్పుడు వచ్చి చూస్తే ఎటు చూసినా మేడలే గాని, నేను కాపురానికి వచ్చిన రోజుల్లో వరి చేలూ, ద్రాక్షతోటలూ వుండేవి. మావారు జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవారు. సుమారు ఇరవైయేళ్ళ క్రిందట ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అదే నెలలో మా పాపకు టైఫాయిడు వచ్చింది. నా చేతి గాజులు ఆసుపత్రికీ మందులకీ సరిపోయాయి. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగులుతోంది.

మేము క్రైస్తవులం. మా సంఘానికి అప్పుడొక అయ్యగారుండేవారు. మాలో పాస్టరుగారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలుస్తాం. మా పరిస్థితి నేనెవరికీ చెప్పుకోలేదు. ఒక గురువారం మధ్యాహ్నం ఆ అమ్మగారు చేతిసంచీతో మా గడపలోకి వచ్చారు. “ఏం లేదమ్మా, స్త్రీల సమాజంవాళ్ళు తెచ్చిన పిడికెడు బియ్యం మిగిలిపోయినయి. పురుగు పడ్తదేమోనని తెచ్చిన. నువ్వు వండుకుంటవా?” అన్నారు. 

పిడికెడు బియ్యమంటే ఏమిటో తెలియనివారికి చెప్తాను. మా సంఘాల్లో చాలాచోట్ల ఆడవాళ్ళు పూట పూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో దాస్తారు. ఆదివారంనాడు దాన్ని గుడికి తెచ్చి ఇస్తారు. చేతిలో డబ్బు ఆడని ఇల్లాలు కూడా దేవునికి కానుక ఇవ్వగలిగే ఉపాయమది.

ఆ గురువారం మొదలు ఎనిమిది నెలలపాటు అమ్మగారి సంచీ మా ఇంటికి వస్తూనే వుంది. ప్రతిసారీ అదే మాట, “మిగిలినయమ్మా” అని. మావారికి మళ్ళీ పని దొరికింది. పాప కోలుకుంది. తరువాత కొన్నాళ్ళకు అయ్యగారికి వేరే ఊరికి బదిలీ అయింది.

వీడ్కోలు కూటం పెట్టారు. ఒక్కొక్కరే లేచి నాలుగు మాటలు మాట్లాడుతున్నారు. నా వంతు వచ్చింది, లేచాను. గొంతుదాకా మాట వచ్చింది. ఆ బియ్యం సంగతి చెపితే మేము ఎనిమిది నెలలు పెట్టిన కూడు తిన్నామని అందరికీ తెలిసిపోతుంది కదా అనిపించింది. పక్కనే మా ఆడబిడ్డ కూర్చునివుంది, వెనకాల మా వీధివాళ్ళున్నారు. “అయ్యగారి ప్రసంగాలు బాగుండేవి” అని ఒక్కముక్క చెప్పి కూలబడ్డాను. అమ్మగారు నాకేసి చూసి నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళముందు వుంది.

వాళ్ళు వెళ్ళిపోయిన నెలకు సంఘం లెక్కలు చూసే ఆవిడ మాటవరసకు అన్నారు, ఆ ఏడు పిడికెడు బియ్యం ఎప్పుడూ మిగలనేలేదని. మరి నా ఇంటికి వచ్చిన బియ్యం ఎవరివి? అమ్మగారి వంటింటివి. రాత్రిపూట వాళ్ళు పిల్లలకు జావ కాచి పోసిన రోజులున్నాయని తరువాత తెలిసింది. ఆ సంగతి విన్ననాడు నాకు ముద్ద దిగలేదు. ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇవాళ, రేపు అనుకుంటూనే సంవత్సరాలు దొర్లిపోయాయి. ఆలస్యమైనకొద్దీ సిగ్గు పెరిగింది, సిగ్గు పెరిగినకొద్దీ ఇంకా ఆలస్యమైంది.

బైబిలులో లూకా సువార్త పదిహేడో అధ్యాయంలో ఒక కథ వుంది. పదిమంది కుష్ఠురోగులు దూరంగా నిలబడి యేసును కేకవేసి పిలుస్తారు. దగ్గరికి రాకూడదు, ఊళ్ళో వుండకూడదు, అదీ వాళ్ళ బతుకు. వెళ్ళి యాజకులకు చూపించుకోండి అని ఆయన చెప్తాడు. రోగం నయమైందని యాజకుడు నిర్ధారిస్తేనే మళ్ళీ ఊళ్ళోకి రానిచ్చే కాలమది. పోతూవుండగా దారిలోనే పదిమందికీ నయమైంది. అందులో ఒక్కడు మాత్రం గట్టిగా దేవుణ్ణి స్తుతిస్తూ వెనక్కి వచ్చి కాళ్ళమీద పడ్డాడు. అతడు సమరయవాడు, యూదులు తమవాడనుకోని జాతివాడు. తక్కిన తొమ్మిదిమంది ఏరీ అని యేసు అడిగాడు.

చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఈ కథ విన్నప్పుడల్లా ఆ తొమ్మిదిమందిమీద నాకు కోపం వచ్చేది. ఇప్పుడు రాదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, యాజకుల దగ్గరికి పొమ్మంటే పోయారు. ఎన్నాళ్ళకో ఇంటికి పోయే భాగ్యం కలిగిందాయె. భార్యాబిడ్డలు కళ్ళలో మెదిలివుంటారు. తరువాత వచ్చి చెప్దాం లెమ్మనుకుని వుంటారు. ఆ ‘తరువాత’ రాదు. నాకు రాలేదు కదా!

ఈ కథ తలచుకుంటే నాకు మన డిచ్‌పల్లి గుర్తుకొస్తుంది. నిజామాబాదు దగ్గరి ఊరు, రైలులో పోయేవారు స్టేషను చూసేవుంటారు. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ 1907లో భర్తతోపాటు మన దేశానికి వచ్చింది. భర్త జార్జి కెర్ మెథడిస్టు మిషనరీ. కుష్ఠురోగులను ఊరివాళ్ళే కాదు, కన్నవాళ్ళు కూడా వెళ్ళగొట్టే కాలమది. నిజామాబాదు ప్రాంతంలో ఆవిడ వాళ్ళకు వైద్యం మొదలుపెట్టింది. రోగులు పెరిగిపోయారు, చోటు చాలలేదు. అప్పుడు ముందుకు వచ్చి ఆసుపత్రికి విరాళమిచ్చినాయన ఎవరనుకున్నారు? రాజా నర్సాగౌడ్‌గారు. ఆయన క్రైస్తవుడు కాదు, హిందువు. ఆ విధంగా 1915లో డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి తయారైంది.

అప్పటికి ఈ రోజుల్లోలాంటి మాత్రలు లేవు. చాల్‌మూగ్రా జాతి గింజలనుంచి తీసిన నూనెను సూదిమందుగా ఎక్కించేవారు. నొప్పి విపరీతం. నెలల తరబడి ఓర్చుకోవాలి. ఆ మందుతోనే కొందరు తేరుకుని ఇళ్ళకు పోయారు. ఇసబెల్ కెర్‌గారికి 1923లో కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చారు. 1932లో ఆవిడ కన్నుమూసింది. తరువాత డాప్సోన్ మాత్రలొచ్చాయి. 1980 దశకంనుంచి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చింది. ఇప్పుడు మొదట్లోనే చూపించుకుంటే కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. ఆ ఆసుపత్రిలో బాగుపడినవాళ్ళు ఎవరికి వందనాలు చెప్పాలి? సూదిమందు వేసిన డాక్టరమ్మకు ఒక్కతెకేనా? డబ్బిచ్చిన నర్సాగౌడ్‌గారికి వద్దా? పుళ్ళు కడిగి కట్లు కట్టిన పనివారికి వద్దా? సేవ అనేది ఏ ఒక్కరి చేతిమీదా నడవదు. మా క్రైస్తవుల భాషలో దాన్ని ‘పరిచర్య’ అంటాం. పరిచర్యలో ముందు కనబడే మనిషి ఒకరుంటారు, వెనక కనబడనివాళ్ళు పదిమంది వుంటారు. ఆ పదిమంది మన మతంవాళ్ళే అయివుండాలనేం లేదు. బైబిలు కథలో తిరిగివచ్చిన ఒక్కడు పరాయివాడు, డిచ్‌పల్లిలో చేయి చాచి ఇచ్చినాయనా వేరే మతంవాడే. దీన్ని మావాళ్ళు మరచిపోకూడదని నా మనవి.

మెదకు గుడి మీలో చాలామంది చూసేవుంటారు. మా గండిమైసమ్మ చౌరస్తామీదుగానే దుండిగల్, నర్సాపూర్ దాటి మెదకుకు రోడ్డు. క్రిస్మసు వచ్చిందంటే ఆ దారిలో బస్సులు కిటకిటలాడిపోతాయి. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్‌గారు కట్టించిన గుడి అది. 1914లో మొదలై పదేళ్ళు కట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మసుకు నూరేళ్ళు నిండాయి. కరువు రోజుల్లో జనానికి పనీ, కడుపుకింత తిండీ దొరకాలని ఆ కట్టడం సాగించారని మా పెద్దలు చెప్పేవారు. లోపలికి పోతే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు, వాటిమీద యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. వెలుగు పడితే చూపు తిప్పుకోలేం.

పాస్నెట్‌గారి పేరు అందరూ చెప్తారు, చెప్పవలసిందే. కాని తట్టలు మోసిన ఆడవాళ్ళు? చంకన పిల్లను వేసుకుని సున్నం కలిపినవాళ్ళు? వాళ్ళ పేర్లు ఏ రాతిమీదా చెక్కలేదు. మెదకు వెళ్ళినప్పుడల్లా నేను ఒక స్తంభాన్ని చేత్తో తాకి, “నీ చెయ్యి చల్లగుండ తల్లీ” అనుకుంటాను.

కృతజ్ఞతలో ఇంకో చిక్కు కూడా వుందండోయ్. మేలు చేసినవాడు పైమెట్టుమీద, పొందినవాడు కిందిమెట్టుమీద నిలబడి, జీవితాంతం తల వంచుకుని వుండాలంటే అది కృతజ్ఞత కాదు, వెట్టి అవుతుంది. ఈ సంగతి ఎంతో సున్నితంగా చెప్పిన పెద్దమనిషి మన డోర్నకల్ బిషప్ అజరయ్యగారు. పుట్టింది 1874లో, తమిళదేశంలో. 1909లో మన డోర్నకల్ ప్రాంతానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెల్లో తిరిగారు. 1912 డిసెంబరులో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో ఆయనే మొట్టమొదటి బిషప్. 1945లో చనిపోయేదాకా మనమధ్యే వున్నారు.

ఆయన బిషప్ కాకముందు, 1910లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచంలోని మిషనరీలందరి పెద్దసభ జరిగింది. అక్కడ మాట్లాడుతూ ఆయన ముందుగా ఏమన్నారంటే, మిషనరీలు పడిన కష్టాన్నీ, చేసిన త్యాగాన్నీ భారతదేశపు సంఘం తరతరాలూ కృతజ్ఞతతో తలచుకుంటుందన్నారు. అంతటితో ఆగలేదు. మీరు మాకు ఎంతో ఇచ్చారు గాని మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అని నిర్మొహమాటంగా అడిగారు. సభలో కొందరికి ఆ మాట రుచించలేదు. కాని నూరేళ్ళు దాటినా ఆ ప్రసంగాన్ని లోకం మరచిపోలేదు. చూశారా, ఆయన చెప్పిన కృతజ్ఞతలో పొగడ్త లేదు. చేసిన మేలును దాచలేదు, కొరతనూ దాచలేదు. సమానంగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ చెప్పిన వందనం అది.

మా బైబిలులో ఇలాంటి వందనాల ఉత్తరాలే కొన్ని వున్నాయి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక అంటే పెద్ద వేదాంతమేమో అనుకుంటాం. నిజానికి అది పౌలు అనే అపొస్తలుడు ఖైదులో వుండి రాసిన కృతజ్ఞతా ఉత్తరం. ఫిలిప్పీ ఊళ్ళోని సంఘంవారు ఎపఫ్రొదితు అనే మనిషిచేత ఆయనకు సరుకులూ సాయమూ పంపారు. పాపం ఆ మనిషి జబ్బుపడి చావుదాకా వెళ్ళి బతికాడు. అతణ్ణి తిప్పి పంపుతూ, మీరు పంపినవి అందాయి, నేను ఇబ్బందిలో వున్నప్పుడు మీరే ఆదుకున్నారు అని పౌలు ఉత్తరం రాశాడు. ఆ సరుకులేమిటో ఎవరికీ గుర్తులేదు. ఉత్తరం మాత్రం దాదాపు రెండువేల ఏళ్ళుగా చదువుతూనే వున్నారు.

ఆయనే రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయం చూడండి. అంతా పేర్లే, ఇరవైమందికి పైగా. పిల్లలు చదవమంటే అక్కడ విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ అధ్యాయమే ఇష్టం. ఎంతమంది ఆడవాళ్ళున్నారని అందులో! ఫీబే వుంది, ప్రిస్కిల్ల వుంది, మరియ వుంది, త్రుపైన, త్రుఫోసా, పెర్సిసు వున్నారు. రూఫు అనే అతని తల్లి తనకూ తల్లేనని రాశాడు. ఆవిడ ఆయనకు ఎన్నిసార్లు అన్నం పెట్టిందో! ‘అందరికీ వందనాలు’ అని ఒక్క ముక్కలో తేల్చెయ్యలేదు. పేరుపేరునా చెప్పాడు. మీరు ప్రతి పెళ్ళిలోనూ వింటూనేవుంటారు, “వచ్చిన బంధుమిత్రులందరికీ ధన్యవాదాలు” అని. అది ఎవరి చెవికీ చేరదు. పేరు పెట్టి చెప్పినదే చేరుతుంది.

ఇక నా కథకు వస్తాను. 

పోయిన క్రిస్మసుకు మెదకు వెళ్ళాం. గుడి ఆవరణలో జనంలో ఒకావిడ నన్ను గుర్తుపట్టి పలకరించింది, పాత సంఘం మనిషి. మాటల్లో, “మన అమ్మగారు ఇక్కడే, ఊళ్ళోనే, కూతురి దగ్గరున్నారు. అయ్యగారు పోయి నాలుగేళ్ళయింది. అమ్మగారికి చూపు ఆనదు” అంది. నా కాళ్ళు వణికాయి. మావారు నా మొహం చూసి, “పద” అన్నారు. అంతే, ఇంకేం అడగలేదు.

చిన్న గది. మంచంమీద కూర్చునివున్నారు. చెయ్యి పట్టుకుని, “బౌరంపేట నుంచి వచ్చాను అమ్మగారూ” అన్నాను. కాస్సేపు నా చెయ్యి తడిమారు. “పాపకు జ్వరం పడ్డది గద... ఆ పాప తల్లివి గదా నువ్వు? పాప మంచిగున్నదా బిడ్డా?” అన్నారు. నర్సు చదువు చదువుతోందని చెప్పాను. మొహం విప్పారింది.

అప్పుడు ఏడుస్తూ చెప్పేశాను. ఎనిమిది నెలలు, ప్రతి గురువారం, ఆ బియ్యం, ఆ వీడ్కోలు కూటం, అంతా. ఆవిడ శ్రద్ధగా విని, “బియ్యమా? ఏ బియ్యం బిడ్డా?” అన్నారు.

నిజంగానే గుర్తులేదు! ఇరవైయేళ్ళు నా గుండెమీద బండలా కూర్చున్న బియ్యం, ఇచ్చినావిడకు గుర్తే లేదు.

కాస్సేపటికి, “ఆ గూట్లో నా బైబిలున్నది, తే. మధ్యన ఒక జాబున్నది, చదువు. నాకిప్పుడు కండ్లు కనబడ్తలేవు. ఎవరొచ్చినా చదివించుకుంట” అన్నారు. తీసి చూశాను. పాత ఇన్లాండు కవరు, మడతల దగ్గర చిరిగి, దానికి టేపు అంటించివుంది. పెన్సిలు రాత. అక్షరాలు పెద్దవీ చిన్నవీ, వంకరటింకర. అందులో వున్నది ఇంతే: అమ్మగారికి వందనాలు, మీరు రాత్రిళ్ళు నేర్పిన అక్షరాలతో ఇది నేనే రాస్తున్నాను, నా కొడుకు బడిలో కాగితం ఇస్తే నేనే చదివిన, వేలిముద్ర పెట్టలేదు, సంతకం పెట్టిన, సారు కుర్చీ వేసి కూర్చోమన్నడు, మీ కడుపు చల్లగుండ.

మాకంటే ముందు వాళ్ళు పనిచేసిన పల్లెలో గుడి ఊడ్చే మనిషట ఆవిడ. ఆ జాబు వచ్చిన వారం సంగతి అమ్మగారే చెప్పారు. ఆ ఊళ్ళో సంఘంలో గొడవలై, కొందరు అయ్యగారిమీద లేనిపోని ఫిర్యాదులు రాశారట. ఆయన మనసు విరిగి, ఈ పరిచర్య నాకొద్దు, ఎక్కడన్నా గుమాస్తా పని చూసుకుంటానని రాజీనామా రాసి బల్లమీద పెట్టుకున్నారట. సాయంత్రం పోస్టులో ఈ జాబు వచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, ఏమీ మాట్లాడకుండా పోయి, రాజీనామా కాగితం పొయ్యిలో పెట్టి వచ్చారట. “గా తర్వాతనే మాకు బౌరంపేటకు బదిలీ అయింది బిడ్డా” అన్నారు.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, నాకప్పుడు అర్థమైంది. ఆ ఊడ్చే అమ్మ పెన్సిలుతో ఆ నాలుగు ముక్కలు రాయకపోతే అయ్యగారు మా ఊరు వచ్చేవారు కారు. అమ్మగారి సంచీ మా గడప ఎక్కేది కాదు. నా బిడ్డ తిన్న అన్నం వెనక, నేనెన్నడూ చూడని ఒక మనిషి రాసిన జాబు వుంది. ఆవిడకు రాత్రిబడి అక్షరాలే వచ్చు. నేను మెట్రిక్ ప్యాసైనదాన్ని, రేడియోలో మాట్లాడేదాన్ని. ఆవిడ రాసింది, నేను రాయలేదు.

ఇంటికి వచ్చాక రెండు పనులు చేశాను. మొదటిది, జాబు రాశాను, కూతురు చదివి వినిపించడానికి వీలుగా పెద్ద అక్షరాలతో. గురువారాల సంగతి, పాప సంగతి, అన్నీ పేరుపేరునా. రెండోది, కొత్త సంవత్సరపు ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటే లేచి, వీడ్కోలునాడు మింగేసిన మాటను అందరిముందూ చెప్పాను. మా ఆడబిడ్డ కూడా అక్కడే వుంది. నేననుకున్నట్టు ఎవరూ నవ్వలేదు. ఆరాధన అయ్యాక ఇద్దరాడవాళ్ళు నా దగ్గరకు వచ్చారు. ఒకావిడ నెమ్మదిగా, “మా ఇంటికి కూడా వచ్చేవారు, శనివారాలు” అంది. రెండో ఆవిడ మాట్లాడలేకపోయింది, తల ఆడించింది. ఒకే వీధిలో మూడిళ్ళవాళ్ళం, ఎవరికి వాళ్ళం మేమొక్కళ్ళమే పేదవాళ్ళమనుకుని ఇరవైయేళ్ళు దాచుకున్నాం. చెప్పుకుని వుంటే అప్పుడే ఒకరికొకరం తోడయ్యేవాళ్ళం.

అందుకని మీకొక చిన్న మనవి. మా క్రైస్తవులు ప్రభువు బల్ల అనుకునే సంస్కారానికి యూకరిస్టు అని ఇంకో పేరుంది. అది గ్రీకు మాట, అర్థం కృతజ్ఞత చెప్పడమే. పంటల పండుగకు గుమ్మడికాయలూ, కోళ్ళూ, కొత్త వడ్లూ గుడికి తెచ్చి కృతజ్ఞత చెల్లిస్తాం. దేవునికి చెప్పడం మాకు బాగానే వచ్చు. ఆ దేవుడు ఎవరి చేతిమీదుగా మేలు పంపించాడో ఆ చెయ్యినే మరచిపోతాం. మీది ఏ మతమైనా ఈ మరుపు మాత్రం అందరిలోనూ వుంటుందనుకుంటాను.

ఈ వారంలో ఒక్క జాబు రాయండి. పెద్దవాళ్ళకు అందరూ రాస్తారు, దండలు వేస్తారు. మీరు వెనకనున్నవాళ్ళకు రాయండి. పిల్లలకు పాటలు నేర్పిన ఆదివారపు బడి టీచరుకు, గుడి ఊడ్చి చాపలు పరిచే మనిషికి, జబ్బుపడితే వచ్చి తల దగ్గర కూర్చున్న పక్కింటావిడకు. పొగడ్తలు వద్దు. ఫలానారోజు మీరు ఫలానాది చేశారు, దానివల్ల మాకు ఇది జరిగింది అని రాయండి, చాలు. ఇచ్చినవాళ్ళకు తాము ఇచ్చింది గుర్తుండదు. దాన్ని గుర్తుంచుకుని వాళ్ళకు తెలియజెప్పే బాధ్యత మనదే. వాళ్ళు ఏ సాయంత్రం ఏ కాగితం బల్లమీద పెట్టుకుని కూర్చున్నారో మనకేం తెలుసు?

మేలు చేసేవారికి కూడా ఒక మాట. వందనాలు చెప్పలేదని నొచ్చుకోకండి. నోరు పెగలనివాళ్ళ గుండెలో మేలు చచ్చిపోలేదు, సిగ్గు కింద నలుగుతూ వుంటుంది. అడిగి మాత్రం చెప్పించుకోకండి. అడిగి పుచ్చుకున్న వందనానికి రుచి వుండదు.

మా అత్తమ్మ సంగతి మొదట చెప్పాను కదా. ఇప్పుడావిడకు ఎనభై దాటాయి. మొన్న నేను తలంటి నీళ్ళు పోసి, జడ వేస్తున్నాను. “అత్తమ్మా, నా పాపకు జ్వరమొచ్చినప్పుడు నువ్వు పదకొండు రాత్రులు నిద్రపోలేదు. నాకు గుర్తుంది” అన్నాను. ఈసారి ‘థాంక్స్’ అనలేదు లెండి. ఆవిడ చాలాసేపు పలకలేదు. తరువాత, “పదకొండా? నేను లెక్క పెట్టలే” అంది. కళ్ళు తుడుచుకుంది.

తొమ్మిదిమంది దారిలో ఎంతోదూరం పోయినదాన్ని నేను. ఆలస్యంగానైనా వెనక్కి తిరిగాను. అమ్మగారు వుండగానే తిరిగాను, అదే నా భాగ్యం. మీలో ఎవరికైనా ఇలాంటి బాకీ వుంటే, పొయ్యిమీద పాలు పొంగేలోగా వెళ్ళి ఒక కాగితం తెచ్చుకోండి.